బిళ్ల వెనుక కుట్టు

తిక్కన సోమయాజి విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టం తెలుగు విద్యార్థులకు చిరపరిచితమైనది. కౌరవసేనకు ఎదురుగా రథం మీద నిలిచిన అర్జునుడు ఉత్తరునికి ఆ వీరులను ముఖాలు చూపి పరిచయం చేయడు; ధ్వజాలు చూపి పరిచయం చేస్తాడు. బంగారు వేదిక గుర్తు గల పతాక ద్రోణునిది. సింహపు తోక అశ్వత్థామది. మణిమయమైన సర్పం దుర్యోధనునిది. తాటిచెట్టు భీష్మునిది. దూరాన దుమ్ములో నిలిచిన సేనలో ఎవరు ఎవరో తెలియాలంటే గుర్తు తప్ప వేరొక ఆధారం లేదు. కాకతీయుల వరాహ లాంఛనం మొదలుకొని నేటి సేనల చిహ్నాల వరకు ఈ అవసరమే కొనసాగుతున్నది. అయితే తుపాకులు, ఫిరంగులు వచ్చిన తరువాత రథం మీద ఎగిరే ధ్వజానికి చోటు తగ్గింది. ఆ ధ్వజమే క్రమంగా చిన్నదై, అరచేతిలో ఇమిడే గుడ్డముక్కగా మారి, సైనికుని భుజం మీదికి చేరింది. దానినే జనం వాడుకలో బిళ్ల అంటారు. బిళ్ల బంట్రోతు అన్న మాటలోని బిళ్ల ఇత్తడిది. సైనికుని బిళ్ల మాత్రం తరచుగా గుడ్డది.

1939 నుండి 1945 వరకు జరిగిన రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ గుడ్డ బిళ్లలకు ఎంతో ప్రాముఖ్యం వచ్చింది. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో స్వచ్ఛందంగా చేరినవారి సంఖ్య దాదాపు 25 లక్షలు. యుద్ధం ఎక్కడో పరదేశంలో జరిగే సంగతి మాత్రమే కాదని 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తెలుగువారికి అర్థమైంది. అంతటి మహాసైన్యంలో వేల మంది గల ఒక్కొక్క విభాగాన్ని డివిజన్ అంటారు. వాహనాల మీద, చొక్కాల మీద డివిజన్ పేరు, సంఖ్య రాసుకుంటే ఏ దళం ఎక్కడికి కదులుతున్నదో శత్రువుకు తామే చెప్పినట్లవుతుంది. కనుక పేరుకు బదులుగా బొమ్మను వాడినారు. బొమ్మ తెలిసినవానికి తెలుస్తుంది. తెలియనివానికి అది బొమ్మగానే మిగులుతుంది.

ఆ బొమ్మల లోకం చిత్రమైనది. 5వ భారత డివిజన్‌కు నల్లని నేల మీద ఎర్రని అగ్నిగోళం. 7వ డివిజన్‌కు బంగారు బాణం. 23వ డివిజన్‌కు కయ్యానికి కాలు దువ్వే కోడిపుంజు. 26వ డివిజన్‌కు పులి. 17వ డివిజన్‌కు మొదట మెరుపు గుర్తుండేది. బర్మా నుండి వెనుదిరిగి వచ్చిన తరువాత ఆ డివిజన్ నల్లపిల్లిని తన చిహ్నంగా గ్రహించింది. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకొనే దేశంలో, వేల మంది నల్లపిల్లిని భుజాన కుట్టించుకొని యుద్ధానికి బయలుదేరడం ఆలోచించదగిన విషయం. వీరందరిపై నిలిచిన 14వ సైన్యానికి సేనాధిపతి జనరల్ స్లిమ్ స్వయంగా చిహ్నాన్ని రచించినాడు. అందులో ఖడ్గం మొన కిందికి ఉంటుంది. ఖడ్గం మొన పైకి ఉండాలన్నది పాశ్చాత్యుల చిహ్నశాస్త్ర సంప్రదాయం. కాని బర్మాను ఉత్తరం నుండి దక్షిణానికి, అంటే పటంలో పై నుండి కిందికి, గెలుచుకొంటూ పోవాలి. అందుకే ఆ మొన కిందికి చూసింది.

ఇన్ని లక్షల భుజాలకు ఇన్ని బిళ్లలు ఎక్కడి నుండి వచ్చినాయి? కొన్ని యంత్రశాలల్లో నేసినవి, కొన్ని గుడ్డ మీద అచ్చు వేసినవి. కాని యుద్ధకాలంలో అన్నిటికీ కొరతే. దండు ఒక ఊరి నుండి మరొక ఊరికి కదిలిపోయేటప్పుడు సరుకు కోసం ఎదురుచూసే తీరిక ఉండదు. అందువలన కంటోన్మెంట్ల పక్కన ఉండే బజార్లలోని దర్జీలే ఈ పనిని అందుకొన్నారు. ఒక నమూనా బిళ్లను దర్జీ ముందుంచి, ఇటువంటివి ఇన్ని కావాలని చెప్పేవారు. ఆ దర్జీ తన కొట్టులో ఉన్న గుడ్డతో, ఉన్న దారంతో, తన కంటికి తోచిన విధంగా వాటిని కుట్టి ఇచ్చేవాడు. ఉన్ని గుడ్డ లేకపోతే నూలు గుడ్డ, పట్టుదారం లేకపోతే నూలుదారం. ఆ దర్జీల పేర్లు ఏ చరిత్ర గ్రంథంలోను లేవు. వారి చేతికుట్టు మాత్రం మిగిలింది.

పసుపు పంటకు పేరుపొందిన ఆర్మూరు, నిజామాబాదు ప్రాంతంలో ధర్పల్లి ఒక మండల కేంద్రం. ఆ ఊరిలో ఒక విశ్రాంత చిత్రలేఖనోపాధ్యాయుడు ఇటువంటి బిళ్లలను ఏళ్ల తరబడి సేకరిస్తున్నాడు. ఊరివారు ఆయనను ఇప్పటికీ డ్రాయింగు సారనే పిలుస్తారు. ఆయన వంశంలో సైనికులు లేరు. యుద్ధాల మీద మక్కువ కూడ లేదు. హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారులో, పాత గుండీలు, తాళంచెవులు పోసిన కుప్పలో, ఒకనాడు ఆయనకు నల్లపిల్లి కుట్టిన గుడ్డముక్క దొరికింది. పిల్లి మీసాలు ఒక వైపు మూడు, మరొక వైపు రెండు ఉన్నాయి. జీవితమంతా పిల్లలకు బొమ్మలు నేర్పినవాడు కనుక ఆ తేడా ఆయన దృష్టిని ఆకర్షించింది. ఈ పిల్లిని కుట్టినవాడు ఎవరు, ఎవరి భుజం మీద ఇది తిరిగింది అన్న ప్రశ్నతో ఆయన సేకరణ ఆరంభమైంది.

బిళ్లను గుర్తుపట్టే విద్య పసుపును గుర్తుపట్టే విద్య వంటిది. నిజామాబాదు మార్కెట్ యార్డులో అనుభవం గల కొనుగోలుదారు రాశి పైపై మెరుగును నమ్మడు. కొమ్మును చేతిలోకి తీసుకొని విరిచి, లోపలి రంగు చూస్తాడు. మెరుగు పెట్టిన తొక్క అబద్ధం చెప్పవచ్చు గాని విరిగిన కొమ్ము చెప్పలేదు. బిళ్ల విషయంలోను అంతే. కొత్తగా చేరిన సేకర్త బొమ్మ అందాన్ని చూసి మురిసిపోతాడు. డ్రాయింగు సారు బిళ్ల చేతికి రాగానే దానిని తిరగవేస్తాడు. ముందు వైపు ఉన్నది అందరికీ చూపడానికి కుట్టినది. వెనుక వైపు ఎవరూ చూడరనుకొని కుట్టినది. కనుక సత్యం వెనుక వైపే ఉంటుంది.

వెనుక వైపు ఆయన చూసే అంశాలు కొన్ని ఉన్నాయి. మొదటిది కుట్టు. చేతితో కుట్టిన బిళ్లలో దారం ఒక చోటి నుండి మరొక చోటికి దూకిన జాడలు, ముడులు, దారం అయిపోయి మరొకటి అందుకొన్న గుర్తులు ఉంటాయి. నేటి కంప్యూటరు యంత్రం మీద కుట్టిన బిళ్ల వెనుక వైపు కూడ ముందు వైపు వలెనే క్రమబద్ధంగా ఉంటుంది. రెండవది అస్తరు. దర్జీలు బిగువు కోసం వెనుక పలుచని నూలు గుడ్డనో, పాత కాగితాన్నో పెట్టేవారు. మూడవది అంచు. చుట్టూ దట్టంగా, తాడు పేనినట్లు యంత్రంతో మెలిపెట్టిన అంచు 1960ల తరువాతి బిళ్లలకు ఆనవాలు. యుద్ధకాలపు బిళ్ల అంచును లోపలికి మడిచి కుట్టేవారు, లేదా కత్తిరించి వదిలేవారు. నాలుగవది సూది రంధ్రాలు. నిజంగా చొక్కాకు కుట్టి తొడుక్కొన్న బిళ్లకు చుట్టూ ఆ రంధ్రాల వరుస ఉంటుంది. కొన్నిటిలో విప్పగా మిగిలిన ఖాకీ దారం పోగులు కూడ కనిపిస్తాయి. ఎండకు ముందు వైపు వెలిసి, మడత లోపల మాత్రం అసలు రంగు నిలిచి ఉంటే అది కాలం చేసిన పని. తేయాకు డికాషనులో ముంచి పాతగా చూపిన బిళ్లలో మడత లోపల, బయట ఒకే రంగు ఉంటుంది.

దారాన్ని పరీక్షించే పద్ధతులు వేరు. నూలు పోగు కాలిస్తే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగులుతుంది. పాలియెస్టరు పోగు కరిగి గట్టి పూసగా మారుతుంది. పాలియెస్టరు యుద్ధం ముగిసిన తరువాతి కాలంలో బజారుకు వచ్చినది కనుక, బిళ్లలో ఆ దారం ఉంటే అది యుద్ధకాలపుది కాదు. అయితే ఈ పరీక్షకు ఊడి వేలాడే ఒక్క పోగు చాలు; బిళ్లను చెరపరాదు. అతినీలలోహిత కాంతి ప్రసరించే చిన్న దీపం మరొక సాధనం. గుడ్డకు, దారానికి తెల్లదనం తెచ్చే రసాయనాలు యుద్ధం తరువాతనే విస్తృతంగా వాడుకలోకి వచ్చినాయి. అవి ఉన్న దారం ఆ కాంతిలో నీలిగా వెలుగుతుంది. కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నిజమైన పాత బిళ్లను కూడ ఏ ఇల్లాలో నేటి సబ్బుపొడితో ఉతికి ఉంటే అది సైతం వెలుగుతుంది. అందువలన ఒకే పరీక్ష మీద ఆధారపడి తీర్పు చెప్పరాదని ఆయన నియమం.

స్థానికంగా కుట్టిన బిళ్లల్లో ఒకదానికి మరొకటి సరిపోలదు. 23వ డివిజన్ కోడిపుంజునే తీసుకొంటే, ఒక దర్జీ కుట్టిన పుంజు పల్నాటి కోడిపోరుకు సిద్ధమైనట్లు మెడ నిక్కించి ఉంటుంది. మరొక దర్జీ కుట్టినది గింజలు ఏరుకొంటున్న పెట్ట వలె ఉంటుంది. నమూనా ఒక్కటే అయినా దర్జీ తాను రోజూ చూసిన కోడినే కుట్టినాడు. జంతువు బొమ్మలు గల బిళ్లలను తరచు జంటగా కుట్టేవారు. కుడి భుజానిది ఒక వైపు, ఎడమ భుజానిది మరొక వైపు చూస్తుంది. రెండు భుజాల మీదను జంతువు ముందుకే నడవాలి గాని వెనుకకు తిరుగరాదు. ఈ సంగతి తెలియనివారు ఒంటరిగా దొరికిన బిళ్లలో బొమ్మ తిరగబడినదని, అది నకిలీ అని తోసిపుచ్చుతారు.

చీనా, బర్మా, భారత రంగంలో పనిచేసిన అమెరికా సైనికుల బిళ్ల ఇందుకు మరింత చక్కని ఉదాహరణ. కవచాకారంలో ఉండే ఆ బిళ్లలో కింద ఎరుపు, తెలుపు నిలువు పట్టీలు, పైన నీలి నేల మీద చీనా సూర్యుడు, భారత తార ఉంటాయి. మన దేశంలో ఉన్నన్నాళ్లు ఆ సైనికులు ఇక్కడి పనివారి చేత దానిని రకరకాలుగా కుట్టించుకొన్నారు. కొన్ని తోలు మీద చేసినవి, కొన్ని జరీతో కుట్టినవి. చీర అంచు మీద, షేర్వానీ కాలరు మీద మగ్గం పని చేసే చేతులే అమెరికా సైనికుని భుజానికి జరీ తారలను కూర్చినాయి. వాటిలో సూర్యకిరణాల సంఖ్య మారుతుంది, పట్టీల సంఖ్య మారుతుంది. అధికారిక నమూనాతో పోలిస్తే అవి తప్పులు. పనివాని చేతికి మాత్రం అవి సంతకాలు.

ఇక్కడ ఒక వివేకం అవసరం. కుట్టు క్రమం తప్పిన ప్రతి బిళ్లా పాతదని, క్రమంగా ఉన్న ప్రతి బిళ్లా కొత్తదని అనుకొనరాదు. ఉదాహరణకు, సుభాష్ చంద్రబోసు ప్రేరణతో జర్మనీలో ఏర్పడిన స్వేచ్ఛా భారత దళం బిళ్ల మీద మూడు రంగుల నేలపై లంఘించే పులి ఉంటుంది. హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ బోసుకు జర్మనీలో సన్నిహిత సహచరుడై, 1943లో ఆయనతో పాటు జలాంతర్గామిలో ప్రయాణించినందున ఆ బిళ్ల మీద ఈ ప్రాంతపు సేకర్తలకు మక్కువ ఎక్కువ. అది జర్మనీలో యంత్రం మీద తయారైనది. దానిని ఎవరైనా చేతికుట్టుతో తెచ్చి అసలుదని చెబితే అనుమానించవలసిందే. దర్జీ బిళ్లకు వంకర కుట్టు సహజం. యంత్రం బిళ్లకు అదే దోషం. ఏ వస్తువునైనా దాని పుట్టుకను బట్టి తూచాలి.

నేడు కూడ వారణాసిలోని జర్దోజీ పనివారు దేశదేశాల సైన్యాలకు జరీ బిళ్లలు కుట్టి పంపుతున్నారు. వారు పాత నమూనాను చూసి కొత్త బిళ్ల కుట్టడంలో దోషం లేదు. అది వారి వృత్తి. ఆ కొత్తదానికి మసి పూసి, పాతదని చెప్పి అమ్మినప్పుడే మోసం పుడుతుంది. కనుక నకిలీ అన్నది గుడ్డలో లేదు, దానిని గురించి చెప్పే మాటలో ఉన్నదని డ్రాయింగు సారు అంటాడు.

బిళ్లల మీద హైదరాబాదు పేరు కనిపించినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్న పేరు 1922 నుండి ఉన్నది. దాని మూలాలు నిజాం రాజ్యంలోని పాత సేనలలో ఉన్నాయి. 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాను సేనను ఎదుర్కొన్న దళాలలో ఆ రెజిమెంటుకు చెందిన 4వ బెటాలియన్ ఒకటి. అయితే ఆనాటికి అందులో కుమావూ కొండ ప్రాంతాలవారు, జాట్లు, అహీర్లు అధికంగా ఉండేవారు. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. స్వతంత్ర భారతంలో తొలి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరినది హైదరాబాద్ రెజిమెంటులోనే. 1947లో అమరుడైనది కుమావూ రెజిమెంటులో. ఈ ఒక్క విషయం తెలిస్తే భుజం మీది పేరు కాలాన్ని చెప్పే సాధనమవుతుంది. హైదరాబాద్ అని ఉంటే అది 1945 అక్టోబరుకు ముందరిది కావలె. కాని ఆ పేరును చూసి ఆ సైనికుడు తెలుగువాడని నిర్ణయించడానికి వీలు లేదు. బిళ్ల దళం పేరు చెబుతుంది. మనిషి ఊరు చెప్పదు.

నిజాం రాజ్యంలో భాగమైన నిజామాబాదు జిల్లాకు సంబంధించి మరొక చిహ్నం ఉన్నది. 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో షోలాపూరు వైపు నుండి హైదరాబాదు రాజ్యంలోకి వచ్చినది 1వ సాయుధ డివిజన్. దాని గుర్తు ఏనుగు. ఈనాడు ఆ డివిజన్‌ను ఐరావత డివిజన్ అంటారు. ఇంద్రుని ఏనుగు పేరు ట్యాంకుల దళానికి అమరడం పురాణాలు చదివినవారికి ఆనందం కలిగిస్తుంది. డ్రాయింగు సారు వద్ద ఆ ఏనుగు బిళ్ల లేదు. దాని కోసం పుస్తకంలో ఒక పుట ఖాళీగా ఉంచినాడు.

ఆ పుస్తకమే ఆయన సేకరణకు ప్రాణం. ప్రతి బిళ్లకు ఒక పుట. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరి చేతి నుండి, వారు ఏమి చెప్పినారు, వారు చెప్పినదానిలో బిళ్ల ఎంతవరకు ధ్రువపరుస్తున్నది అన్న వివరాలు అందులో ఉంటాయి. చెప్పినది ఒక వరుసలో, చూసినది మరొక వరుసలో రాస్తాడు. రెండింటినీ కలపడు.

ఆ నియమానికి ఒకనాడు గట్టి పరీక్ష ఎదురైంది. ధర్పల్లిలోనే ఉండే డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి, తన మనుమనితో కలిసి ఆయన ఇంటికి వచ్చింది. వేపాకు పరిచిన సందూకలో దాచిన ఒక బిళ్లను కొంగు ముడి విప్పి చూపింది. ఎర్రని నేల మీద పసుపు రంగు పిడికిలి. ఆ పిడికిలిలో బాకు.

“సారూ, ఇది మా బాపుది. బర్మా లడాయికి పోయొచ్చిండు. దీని సంగతి జర చూడున్రి” అన్నది.

మనుమడు గల్ఫులో పని చేసి సెలవు మీద వచ్చినవాడు. బిళ్ల ఫోటోను హైదరాబాదులోని ఒక వ్యాపారికి పంపినాడు. ముత్తాత మాండలే కోట మీద పోరాడినట్లు ఒక పెద్దమనిషి కాగితం రాసి ఇస్తే మంచి ధర పలుకుతుందని ఆ వ్యాపారి చెప్పినాడు. ఆ కాగితం కోసమే వారు వచ్చినారు. ఇంటికి రేకులు మార్చవలసి ఉన్నది. డబ్బు అవసరమూ నిజమే.

డ్రాయింగు సారు బిళ్లను తిరగవేసి, కిటికీ వెలుగులో చాలాసేపు చూసినాడు. నూలుదారం. మడిచి కుట్టిన అంచు. వెనుక పలుచని అస్తరు. చుట్టూ సూది రంధ్రాల వరుస, ఒక మూల రెండు ఖాకీ పోగులు. పిడికిలికి నాలుగు వేళ్లకు బదులు మూడే ఉన్నాయి. ఏదో బజారులో ఏ దర్జీయో తొందరలో కుట్టినది. ఎవరో తొడిగి తిరిగినది. అది 19వ భారత డివిజన్ చిహ్నం. ఆ డివిజన్ 1941 అక్టోబరులో సికింద్రాబాదులోనే ఏర్పడింది. ఆ తరువాత చాలాకాలం దక్షిణ భారతంలో శిక్షణ పొంది, 1944 చివరలో బర్మాలోకి ప్రవేశించింది. 1945 జనవరిలో ఐరావతీ నదిని దాటి, మార్చిలో మాండలే చేరింది. మార్చి 20న మాండలే కోట స్వాధీనమైంది. నిజామాబాదు జిల్లా యువకుడొకడు సికింద్రాబాదులో ఆ డివిజన్‌తో కలిసి ఉండడం అసంభవం కాదు. ఇంతవరకు బిళ్ల సాక్ష్యం చెబుతున్నది.

“బాపు ఏమి పని చేసేవాడో ఎప్పుడైనా చెప్పినాడా అమ్మా?” అని ఆయన అడిగినాడు.

ఆమె కొంతసేపు ఆలోచించి, “తుపాకి ముచ్చట ఎన్నడు చెప్పలే సారూ. రొట్టెల ముచ్చటే చెప్పేటోడు. వానల కట్టెలు అంటుకోకపోయేటియట. అయినా తెల్లారేసరికి అందరికి రొట్టెలు కాల్చి పెట్టేటోళ్లట” అన్నది.

మనుమని ముఖం చిన్నబోయింది. “అంటే వంటమనిషా సారూ?” అన్నాడు. ముత్తాత మాండలే కోట ఎక్కినాడని అతడు గల్ఫులోని స్నేహితులకు ఎన్నోసార్లు చెప్పినాడు.

అక్కడ ఒక మాట రాసి ఇవ్వడం ఎంతో సులభం. బిళ్ల నిజమైనది, డివిజన్ నిజమైనది, యుద్ధం నిజమైనది. కోట మీద పోరాడినాడన్న ఒక్క వాక్యం చేర్చినా కాదనేవారు లేరు. ఆ వాక్యంతో ఒక ఇంటికి రేకులు వస్తాయి. కాని ఆ వాక్యం రాసిన మరుక్షణం అసలు మనిషి కనుమరుగై, ఎన్నడూ లేని వీరుడొకడు ఆయన స్థానంలో నిలుస్తాడు. వానలో కట్టెలు రాజేసి రొట్టెలు కాల్చిన చేతులను ఆ కాగితం తుడిచిపెడుతుంది.

డ్రాయింగు సారు ఆ యువకునితో ఇట్లా అన్నాడు. “బాబూ, డివిజన్ బిళ్ల వంటవానికి వేరుగా, తుపాకి పట్టినవానికి వేరుగా ఉండదు. జనరల్ భుజానికీ ఇదే, వంటశాలలో ఉన్నవానికీ ఇదే. ఆకలితో ఉన్న సేన నది దాటలేదు. విరాటుని కొలువులో వలలుడు చేసినది వంటపనే గదా! భీముడు కాకపోయినాడా? మీ ముత్తాత ఏ పని చేసినాడో ఖాయంగా తెలియాలంటే ఆయన సర్వీసు నంబరు గల కాగితం ఏదైనా ఉన్నదేమో సందూక అడుగున వెదకండి. ఆ నంబరు దొరికితే సైనిక రికార్డు కార్యాలయానికి రాయవచ్చు. దొరకకపోయినా నానమ్మ చెప్పిన రొట్టెల మాట ఉన్నది. అది ఏ కార్యాలయంలోను దొరకదు.”

అమ్మాలో వద్దో వారి ఇష్టానికే వదిలి, తనకు ఇవ్వమని ఆయన అడగలేదు. తన పుస్తకంలో ఒక పుటకు రెండు నకళ్లు రాసి, ఒకటి వారి చేతిలో పెట్టినాడు. చూసిన వరుసలో దారం, అంచు, రంధ్రాలు, మూడు వేళ్ల పిడికిలి, 19వ డివిజన్ అని ఉన్నది. చెప్పిన వరుసలో కూతురి మాటలు ఆమె నోట వచ్చినట్లే ఉన్నాయి. కాగితం అడుగున యుద్ధం మాట గాని మాండలే మాట గాని లేదు. మనుమడు దానిని రెండుసార్లు చదివి, బిళ్లతో పాటు మడిచి నానమ్మ కొంగులోనే తిరిగి ముడివేసినాడు. వ్యాపారికి ఏమని జవాబు చెప్పినాడో డ్రాయింగు సారు అడగలేదు. కాని కొన్నాళ్లకు ఆ యువకుడు విదేశం నుండి ఫోను చేసి, సందూక అడుగున సగం చిరిగిన కాగితం ఒకటి దొరికిందని, అందులో నంబరులోని కొన్ని అంకెలు మాత్రమే కనిపిస్తున్నాయని చెప్పినాడు. మిగిలిన అంకెల కోసం ఇద్దరూ ఇంకను వెదకుతున్నారు.

1972 నాటి పురావస్తు చట్టం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువులకే రక్షణ కల్పిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధపు బిళ్లలు ఇంకను ఆ వయస్సుకు చేరలేదు. అంటే వాటికి ప్రస్తుతం రక్షణ ఇండ్లలోని సందూకలు, వాటిని తెరిచే చేతులు మాత్రమే. బర్మాలోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం స్తంభాల మీద సమాధి సైతం తెలియని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో అత్యధికులు భారతీయులు. మరణించినవారికి ఆ రాతి స్తంభాలు ఉన్నాయి. బ్రతికి తిరిగి వచ్చి, పొలం దున్నుకొని, పసుపు ఉడకబెట్టుకొని, తమ కథ పూర్తిగా చెప్పకుండానే కన్నుమూసినవారికి ఏ స్తంభమూ లేదు. వారి తరఫున మిగిలినది ఒక గుడ్డముక్క, దానిని గురించి ఇంట్లో ఎవరికో గుర్తున్న ఒక మాట.

ఆ రెండూ విడిపోతే గుడ్డ అంగడి సరుకవుతుంది, మాట గాలిలో కలుస్తుంది. కనుక సేకరణ అంటే వస్తువులను పోగుచేయడం కాదు. వస్తువును, దానికి చెందిన మాటను విడిపోకుండా కాపాడడం. అందుకు ధనం అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, పెద్దలు చెప్పినది వినే ఓపిక, చూసినదానికి చెప్పినదానికి మధ్య గీత గీయగల నిజాయితీ చాలు.